ఇండక్టివ్ ప్రాక్సిమిటీ సెన్సార్ అవుట్‌పుట్ వోల్టేజీ సరిగా రాకపోతే: కొలిచే పద్ధతి, లోపం పట్టే క్రమం

ఇండక్టివ్ ప్రాక్సిమిటీ సెన్సార్ అంటే తాకకుండానే దగ్గరి లోహాన్ని గుర్తించి అవుట్‌పుట్‌ను మార్చే స్విచ్. రేణిగుంట, గాజులమండ్యం, శ్రీసిటీ ప్రాంతాల్లోని మెయింటెనెన్స్ సిబ్బంది నుంచి, చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు పరిశ్రమల్లో సీజన్‌కు ముందు యంత్రాలను సిద్ధం చేసే ఎలక్ట్రీషియన్ల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు మూడు. సెన్సార్ లైటు వెలుగుతోంది కానీ పి.ఎల్.సి.లో (యంత్రాన్ని నడిపే కంట్రోలర్‌లో) ఇన్‌పుట్ రావడం లేదు, ఎందుకు? లోహం లేకపోయినా అవుట్‌పుట్‌లో ఏడెనిమిది వోల్టులు కనిపిస్తున్నాయి, సెన్సార్ పాడైనట్టేనా? 24 వోల్టులు రావలసిన చోట 12 వోల్టులే వస్తున్నాయి, మిగతావి ఎక్కడికి పోయాయి?

ఈ మూడింటిలోనూ చాలాసార్లు సెన్సార్ తప్పేమీ ఉండదు. దానికి లోడ్ (అవుట్‌పుట్‌కు కలిపే రిలే, పి.ఎల్.సి. ఇన్‌పుట్, రెసిస్టర్ లాంటిది) లేకుండా, లేదా తప్పు వైరును ఆధారంగా తీసుకుని కొలవడం వల్ల మీటర్‌లో అర్థం లేని అంకె కనిపిస్తుంది. ఆ అంకెను నమ్మి మంచి సెన్సార్‌ను తీసి పారేస్తారు, కొత్తది బిగించాక కూడా అదే అంకె కనిపిస్తుంది. అందువల్ల ఈ మార్గదర్శిలో కొలిచే పద్ధతికే ఎక్కువ చోటు ఇచ్చాను. లోపాల పట్టిక ఆ తరువాతి విషయం.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా 10 నుంచి 30 వోల్టుల డి.సి.పై పనిచేసే మూడు వైర్ల సెన్సార్ల గురించి. రెండు వైర్ల రకానికి విడిగా ఒక భాగం ఉంది. 230 వోల్టుల ఏ.సి. సెన్సార్లను ఈ పద్ధతుల్లో పరీక్షించకండి.

1. పనికి ముందు: భద్రత, పరికరాలు

సెన్సార్ ముందు ఒక ఇనుప ముక్క పెట్టడమంటే యంత్రానికి ఒక ఆదేశం ఇవ్వడమే. ఆ సంకేతం అందగానే సిలిండర్ ముందుకు రావచ్చు, కన్వేయర్ కదలవచ్చు, డబ్బా మూత బిగించే తల కిందికి దిగవచ్చు. కాబట్టి పరీక్షకు ముందు మోటార్ల సరఫరాను ఆపి తాళం వేయండి, గాలి లైనును మూసి అందులోని పీడనాన్ని వదిలేయండి. 24 వోల్టుల కంట్రోల్ సరఫరా మాత్రం ఉంచండి. పక్కనున్న ఆపరేటర్‌కు మీరేం చేస్తున్నారో ముందే చెప్పండి.

దగ్గర ఉంచుకోవలసినవి:

- డి.సి. వోల్టేజీ కొలిచే డిజిటల్ మల్టీమీటర్. కనిష్ఠ, గరిష్ఠ విలువలను పట్టి ఉంచే బటన్ ఉన్నదైతే మేలు
- 10 కిలోఓమ్‌ల రెసిస్టర్లు రెండు, పావు వాట్‌వి
- 470 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, 5 వాట్ల సిరామిక్ రకం
- నాలుగు సెంటీమీటర్ల చదరపు మెత్తని ఉక్కు రేకు, ఒక మిల్లీమీటర్ మందం
- నాలుగు మొసలి క్లిప్పుల వైర్లు
- సెన్సార్ మీది లేబుల్ స్పష్టంగా కనిపించేలా తీసిన ఫోటో

స్క్రూడ్రైవర్ మొనతో పరీక్షించే అలవాటు మానుకోండి. ఈ సెన్సార్లకు చెప్పే దూరమంతా ప్రామాణిక ఉక్కు పలకకు సంబంధించినది. ఆ పలక భుజం కనీసం సెన్సార్ ముఖం వ్యాసమంత, లేదా పేర్కొన్న దూరానికి మూడు రెట్లు, ఈ రెండింటిలో ఏది పెద్దదైతే అంత ఉండాలి. సన్నని మొన చూపితే సెన్సార్ బాగా దగ్గరికి వచ్చాక గానీ స్పందించదు, లేదా అంచున ఊగిసలాడుతుంది.

మీటర్ ఎర్ర ప్రోబు వోల్టుల రంధ్రంలో ఉందో లేదో ప్రతిసారీ చూడండి. అంతకుముందు కరెంటు కొలిచి 10 ఆంపియర్ల రంధ్రంలోనే వదిలేసిన ప్రోబుతో సరఫరా వైర్లను తాకితే, మీటరే షార్ట్ సర్క్యూట్ అవుతుంది.

2. ఏ రకం సెన్సార్ అన్నది ముందు తేల్చుకోండి

వైర్ల రంగులు దాదాపు అన్ని కంపెనీలకూ ఒకటే. గోధుమ రంగు వైరు ప్లస్, నీలం వైరు సున్నా వోల్టు, నలుపు వైరు అవుట్‌పుట్. నాలుగో వైరు తెలుపు ఉంటే అది సాధారణంగా వ్యతిరేక అవుట్‌పుట్. ఎం12 కనెక్టర్‌లో ఒకటో పిన్ను గోధుమ, రెండోది తెలుపు, మూడోది నీలం, నాలుగోది నలుపు.

పి.ఎన్.పి. సెన్సార్ స్పందించినప్పుడు నలుపు వైరును ప్లస్‌కు కలుపుతుంది. ఎన్.పి.ఎన్. సెన్సార్ స్పందించినప్పుడు అదే వైరును సున్నా వోల్టుకు కలుపుతుంది. స్పందించనప్పుడు మాత్రం రెండూ ఆ వైరును ఊరికే వదిలేస్తాయి. తాడు లాగగలదే కానీ నెట్టలేదు. ఈ అవుట్‌పుట్ కూడా అంతే, ఒక్క దిశలోనే పనిచేస్తుంది. రెండో దిశకు లాగే పని లోడ్‌ది. లోడ్ లేనప్పుడు ఆ వైరు మీద ఏ వోల్టేజీ ఉండాలో నిర్ణయించేది ఏదీ లేదు. ఈ ఒక్క విషయం పట్టుబడితే మిగిలిన మార్గదర్శి అంతా సులువుగా అర్థమవుతుంది.

లేబుల్ మీద పి.ఎన్.పి. లేదా ఎన్.పి.ఎన్. అనీ, ఎన్.ఓ. లేదా ఎన్.సి. అనీ ఉంటుంది. ఎన్.ఓ. అంటే లోహం దగ్గరికి వచ్చినప్పుడు అవుట్‌పుట్‌ను కలిపేది, ఎన్.సి. అంటే లోహం లేనప్పుడు కలిపి ఉంచి, వచ్చినప్పుడు వదిలేసేది. త్రీడీ ప్రింటర్లలోనూ కాలేజీ ప్రాజెక్టుల్లోనూ ఎక్కువగా వాడే ఎల్.జె.12ఎ3-4 శ్రేణిలో చివరి రెండు అక్షరాలు రకాన్ని చెబుతాయి: బి.ఎక్స్. అంటే ఎన్.పి.ఎన్. ఎన్.ఓ., బి.వై. అంటే పి.ఎన్.పి. ఎన్.ఓ., ఏ.ఎక్స్. అంటే ఎన్.పి.ఎన్. ఎన్.సి., ఏ.వై. అంటే పి.ఎన్.పి. ఎన్.సి.

లేబుల్ మీద అనలాగ్ అనో, 0-10 వోల్టులు అనో, 4-20 మిల్లీఆంపియర్లు అనో ఉంటే అది స్విచ్ రకం కాదు. దూరాన్ని బట్టి దాని అవుట్‌పుట్ మారడం సహజం. అలాగే నామూర్ అని ఉంటే అది 8.2 వోల్టుల సరఫరాపై ప్రత్యేక ఆంప్లిఫయర్‌తో పనిచేసే రెండు వైర్ల రకం. దాని స్థితిని వోల్టేజీని బట్టి చూడరు, కరెంటును బట్టి చూస్తారు: లోహం లేనప్పుడు 2.1 మిల్లీఆంపియర్ల కన్నా ఎక్కువ, లోహం దగ్గర ఉన్నప్పుడు 1.2 మిల్లీఆంపియర్ల కన్నా తక్కువ. దాన్ని నేరుగా 24 వోల్టులకు కలపకూడదు.

3. మొదటి కొలత సరఫరాదే, అదీ సెన్సార్ దగ్గరే

ప్యానెల్‌లోని ఎస్.ఎం.పి.ఎస్. (24 వోల్టుల డి.సి. ఇచ్చే సరఫరా యూనిట్) దగ్గర 24 వోల్టులు ఉన్నాయి కాబట్టి సెన్సార్‌కూ అందుతున్నాయని అనుకోవద్దు. సెన్సార్‌కు వీలైనంత దగ్గరి జాయింటు వద్ద, గోధుమ రంగు వైరుకూ నీలం వైరుకూ మధ్య, సెన్సార్ కలిపి ఉండగానే కొలవండి. వైరు విప్పి కొలిస్తే వదులు జాయింటు బయటపడదు, ఎందుకంటే కరెంటు పారనప్పుడు వదులు జాయింటు దగ్గర వోల్టేజీ పడిపోదు.

పొడవైన కేబుల్ వల్లే వోల్టేజీ తగ్గిందని చాలామంది అనుకుంటారు. ఒక లెక్క చూద్దాం. 0.34 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు కిలోమీటరుకు సుమారు 50 నుంచి 55 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. 50 మీటర్ల పొడవుకు ఒక వైరులో మూడు ఓమ్‌ల లోపే. సెన్సార్, పి.ఎల్.సి. ఇన్‌పుట్ కలిసి తీసుకునే 15 మిల్లీఆంపియర్ల వద్ద ఇది వోల్టులో పదో వంతు నష్టం కూడా తేదు. కాబట్టి పి.ఎల్.సి.కి వెళ్లే సెన్సార్ దగ్గర రెండు మూడు వోల్టులు తగ్గితే కేబుల్ పొడవును వదిలేసి టెర్మినల్ స్క్రూలను, తుప్పు పట్టిన పిన్నులను, తెగీ తెగని తీగలను చూడండి.

సరఫరా స్థిరంగా ఉన్నదీ లేనిదీ కూడా చూడాలి. మీటర్‌ను కనిష్ఠ విలువ పట్టే స్థితిలో ఉంచండి. యంత్రం చుట్టూ ఎవరూ లేకుండా చూసి, గార్డులు మూసి, దాన్ని మామూలుగా ఒక చక్రం నడపనివ్వండి. సోలెనాయిడ్ వాల్వులన్నీ ఒక్కసారి పనిచేసే క్షణంలో 24 వోల్టులు 16కో 17కో పడిపోతుంటే, మీ ఇబ్బంది ఎస్.ఎం.పి.ఎస్. సామర్థ్యంతోనే. పది వోల్టుల కన్నా కిందికి వెళితే సెన్సార్ క్షణకాలం ఆగి మళ్లీ మొదలవుతుంది, ఆ సమయంలో అవుట్‌పుట్‌ను నమ్మలేం.

4. రెండు రెసిస్టర్ల పరీక్ష

ఈ మార్గదర్శిలో అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పి.ఎల్.సి. వైపు వెళ్లే నలుపు వైరును విప్పేసి, సెన్సార్‌ను ఒంటరిగా పరీక్షించాలి.

మొదట, 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఒకటి గోధుమ, నలుపు వైర్ల మధ్య కలపండి. రెండో 10 కిలోఓమ్‌ల రెసిస్టర్‌ను నలుపు, నీలం వైర్ల మధ్య కలపండి. సరఫరా ఇచ్చి, మీటర్ నల్ల ప్రోబును నీలం వైరుపై, ఎర్ర ప్రోబును నలుపు వైరుపై ఉంచండి.

సెన్సార్ అవుట్‌పుట్ ఊరికే ఉన్నప్పుడు రెండు సమాన రెసిస్టర్ల మధ్య బిందువు సరఫరాలో సగం, అంటే 12 వోల్టుల దగ్గర నిలుస్తుంది. ఇప్పుడు ఉక్కు పలకను సెన్సార్ ముఖానికి దగ్గరగా తెచ్చి, దూరం తీసుకెళ్లి, రెండు స్థితుల్లోనూ అంకెను రాసుకోండి.

- 12 నుంచి 23, 24 వోల్టులకు పెరిగితే: పి.ఎన్.పి., ఎన్.ఓ., బాగుంది
- 12 నుంచి సున్నాకు, లేదా ఒక వోల్టు లోపుకు పడితే: ఎన్.పి.ఎన్., ఎన్.ఓ., బాగుంది
- పలక లేనప్పుడు 23, 24. పెట్టినప్పుడు 12: పి.ఎన్.పి., ఎన్.సి.
- పలక లేనప్పుడు సున్నా. పెట్టినప్పుడు 12: ఎన్.పి.ఎన్., ఎన్.సి.
- ఒక స్థితిలో 24, మరో స్థితిలో సున్నా, 12 ఎప్పుడూ రాకపోతే: రెండు దిశల్లోనూ లాగే పుష్-పుల్ రకం
- లైటు మారుతున్నా 12 దగ్గరే కదలకుండా ఉంటే: అవుట్‌పుట్‌ను కలిపే లోపలి ట్రాన్సిస్టర్ తెగింది, లేదా నలుపు వైరు లోపల విరిగింది
- లైటు మారుతున్నా ఎప్పుడూ 24, లేదా ఎప్పుడూ సున్నా ఉంటే: ట్రాన్సిస్టర్ లోపల అతుక్కుపోయింది
- లైటే మారకపోతే: సరఫరా, దూరం, లేదా సెన్సార్ లోపలి సర్క్యూట్ చూడాలి

ఊరికే ఉన్నప్పుడు 12కు బదులు 8 దగ్గరో, 15-16 దగ్గరో నిలిస్తే కంగారు పడవద్దు. కొన్ని సెన్సార్లలో తయారీదారే లోపల ఒక రెసిస్టర్ పెడతారు, పి.ఎన్.పి.లో అది నీలం వైపు, ఎన్.పి.ఎన్.లో గోధుమ వైపు లాగుతుంది. మైక్రోకంట్రోలర్‌కు కలిపేవారికి ఈ వివరం చాలా ముఖ్యం, దాని సంగతి ఎనిమిదో భాగంలో ఉంది.

ఒక జాగ్రత్త: కొలిచేటప్పుడు మీటర్ నల్ల ప్రోబు యంత్రం చట్రం మీద ఉండకూడదు. చాలా ప్యానెళ్లలో సున్నా వోల్టు చట్రానికి కలిపి ఉండదు, అప్పుడు ఏ అంకె వచ్చినా దానికి విలువ లేదు.

5. రెసిస్టర్ లేకుండా కొలిస్తే ఎందుకు తప్పుతుంది

మామూలు డిజిటల్ మల్టీమీటర్ లోపలి నిరోధం 10 మెగాఓమ్‌లు. ఆపి ఉన్న ట్రాన్సిస్టర్ గుండా ఒక మైక్రోఆంపియర్ కారినా, ఆ 10 మెగాఓమ్‌ల మీద అది 10 వోల్టులుగా కనిపిస్తుంది. అదే కరెంటు 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ మీద ఒక వోల్టులో వందో వంతు మాత్రమే. అంటే లోహం లేనప్పుడు కనిపించే ఆ ఏడెనిమిది వోల్టులకు వెనుక ఏ బలమూ లేదు, పి.ఎల్.సి. ఇన్‌పుట్‌ను కలిపిన మరుక్షణం మాయమవుతాయి.

యంత్రం దగ్గర రెసిస్టర్ లేనప్పుడు ఒక చిన్న ఉపాయం ఉంది. నలుపు-నీలం మధ్య, గోధుమ-నలుపు మధ్య విడివిడిగా కొలిచి రెండు అంకెలనూ కలపండి. మొత్తం సరఫరా వోల్టేజీ కన్నా బాగా తక్కువ వస్తే ఆ వైరు ఎవరి పట్టులోనూ లేదని అర్థం. మొత్తం సరిపోయినంత మాత్రాన వైరు పట్టులో ఉందని మాత్రం చెప్పలేం, కాబట్టి ఇది రెసిస్టర్ల పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు.

6. బరువు పెట్టి చూడటం

రెండు రెసిస్టర్ల పరీక్షలో సెన్సార్ ఇచ్చే కరెంటు రెండున్నర మిల్లీఆంపియర్ల లోపే. బలహీనపడిన ట్రాన్సిస్టర్ ఇంత తక్కువ కరెంటు వద్ద బాగానే కనిపించి, రిలే కాయిల్‌నో చిన్న వాల్వునో నడపవలసి వచ్చినప్పుడు కుంగిపోవచ్చు.

అందుకని 470 ఓమ్‌ల రెసిస్టర్‌ను లోడ్‌గా కలపండి: పి.ఎన్.పి. అయితే నలుపు-నీలం మధ్య, ఎన్.పి.ఎన్. అయితే గోధుమ-నలుపు మధ్య. 24 వోల్టుల వద్ద సుమారు 50 మిల్లీఆంపియర్లు పారతాయి. రెసిస్టర్ ఒక వాట్‌కు మించి వేడిని వదులుతుంది, కాబట్టి చేతితో పట్టుకోవద్దు, ప్లాస్టిక్ మీద పెట్టవద్దు.

సెన్సార్ స్పందించి ఉన్నప్పుడు పి.ఎన్.పి.కి గోధుమ-నలుపు మధ్య, ఎన్.పి.ఎన్.కి నలుపు-నీలం మధ్య కొలవండి. ఇది ట్రాన్సిస్టర్ తనకోసం మిగుల్చుకునే వోల్టేజీ. మూడు వైర్ల సెన్సార్లకు పూర్తి లోడ్ వద్ద సాధారణంగా రెండు నుంచి మూడు వోల్టుల వరకు అనుమతి ఉంటుంది. కచ్చితమైన అంకె ఆయా డేటాషీట్‌లో ఉంటుంది. ఈ లోడ్ వద్దే నాలుగైదు వోల్టులు పోతుంటే ఆ సెన్సార్ పని అయిపోయినట్టే.

లోడ్ కలపగానే లైటు గబగబా ఆరి వెలుగుతూ, వోల్టేజీ ఎగిరి పడుతూ ఉంటే షార్ట్ సర్క్యూట్ రక్షణ పనిచేస్తోందన్నమాట. చాలా సెన్సార్లకు 200 మిల్లీఆంపియర్లు, కొన్నిటికి 100 మాత్రమే పరిమితి. 470 ఓమ్‌ల దగ్గరే ఇలా జరిగితే సెన్సార్‌ను మార్చాలి. ఈ పరీక్షలో బాగుండి యంత్రంలో మాత్రమే ఇలా జరిగితే, లోడ్ వైపు షార్ట్ ఉందేమో వెతకాలి.

7. యంత్రంలో కలిపాక వచ్చే అంకెలు, వాటి అర్థాలు

సెన్సార్ ఒంటరిగా బాగుందని తేలాక నలుపు వైరును మళ్లీ పి.ఎల్.సి.కి కలిపి, నీలం వైరు ఆధారంగా రెండు స్థితుల్లోనూ కొలవండి. పి.ఎన్.పి.కి అమర్చిన 24 వోల్టుల సాధారణ డిజిటల్ ఇన్‌పుట్ 15 వోల్టులు దాటితే ఒకటిగా, 5 వోల్టుల లోపైతే సున్నాగా తీసుకుంటుంది. యంత్రం ఆగి ఉన్నప్పుడు ఆ మధ్యలో ఏ అంకె నిలిచినా లోపమే.

7.1 లైటు మారుతోంది, అయినా ఎప్పుడూ 24 వోల్టులే

పి.ఎన్.పి. సెన్సార్‌ను, ఎన్.పి.ఎన్. కోసం అమర్చిన ఇన్‌పుట్‌కు కలిపారు. ఇన్‌పుట్ కామన్ టెర్మినల్, అంటే చాలా పి.ఎల్.సి.లలో ఎస్/ఎస్ అని రాసి ఉండేది, 24 వోల్టులకు కలిపి ఉంటుంది. సెన్సార్ ఊరికే ఉన్నప్పుడు ఇన్‌పుట్టే ఆ వైరును 24కు లాగుతుంది, స్పందించినప్పుడు సెన్సార్ కూడా అక్కడికే లాగుతుంది. రెండు వైపులా ఒకే వోల్టేజీ ఉంటే కరెంటు పారదు, ఇన్‌పుట్ రాదు. కామన్‌ను సున్నా వోల్టుకు మార్చాలి. కానీ అదే కామన్ మీద ఇతర ఎన్.పి.ఎన్. సెన్సార్లు ఉంటే మార్చకూడదు, సెన్సార్‌నే సరైన రకంతో మార్చాలి.

7.2 లైటు మారుతోంది, అయినా ఎప్పుడూ సున్నా

పై లోపానికి ఇది అద్దంలోని రూపం: ఎన్.పి.ఎన్. సెన్సార్, కామన్ మాత్రం సున్నా వోల్టు మీద ఉంది. దుకాణంలో ఉన్నది ఇచ్చి, అదే సైజు అని చెప్పి బిగించినప్పుడు ఇది జరుగుతుంది. చూడటానికి రెండు రకాలూ ఒకేలా ఉంటాయి. కామన్ సరిగానే ఉంటే నలుపు వైరు దారిలో ఎక్కడైనా చట్రానికి లేదా నీలం వైరుకు తగులుతోందేమో చూడండి.

7.3 సెన్సార్ దగ్గర సరిగా ఉంది, పి.ఎల్.సి. దగ్గర అర్థం లేని అంకె

సెన్సార్‌కు ఒక ఎస్.ఎం.పి.ఎస్., పి.ఎల్.సి. ఇన్‌పుట్లకు మరొకటి వాడి, రెండింటి సున్నా వోల్టులను కలపలేదు. పాత యంత్రానికి కొత్త కన్వేయర్ జోడించిన చోట్ల ఇది మొదట చూడవలసిన విషయం. రెండు సరఫరాల సున్నా టెర్మినళ్ల మధ్య మీటర్ పెట్టండి, అక్కడ సున్నా కాకుండా మరేదైనా ఊగుతుంటే కారణం దొరికింది. రెండు సున్నాలనూ ఒక వైరుతో కలపండి, ప్లస్‌లను కలపవద్దు.

7.4 యంత్రం తిరుగుతున్నప్పుడు 12 వోల్టులు

పళ్ల చక్రాన్నో, షాఫ్ట్ మీది బోల్టులనో లెక్కించే సెన్సార్ క్షణానికి ఎన్నోసార్లు మారుతుంది. మల్టీమీటర్ ఆ మార్పులను చూడలేక సగటు చూపుతుంది. సగం సేపు 24, సగం సేపు సున్నా ఉంటే సగటు 12. ఇది లోపమే కాదు. యంత్రం ఆపి, షాఫ్ట్‌ను చేతితో మెల్లగా తిప్పి, పన్ను ఎదుట ఉన్నప్పుడు ఒకసారి, ఖాళీ ఎదుట ఉన్నప్పుడు ఒకసారి కొలవండి.

యంత్రం ఆగి ఉన్నప్పుడు కూడా ఇలాంటి మధ్యస్థ అంకె వస్తే లోహం సరిగ్గా అంచు దూరంలో ఉండి, కంపనాల వల్ల అవుట్‌పుట్ వేగంగా మారుతోందని అనుమానించాలి. స్విచ్ రకం సెన్సార్ సగం దూరానికి సగం వోల్టేజీ ఇవ్వదు; ఉన్నవి రెండే స్థితులు.

7.5 రెండు వైర్ల సెన్సార్: ఆపి ఉన్నా 4 నుంచి 8 వోల్టులు

రెండు వైర్ల రకం తాను బతకడానికి కావలసిన కరెంటును కూడా లోడ్ గుండానే తీసుకుంటుంది. ఆపి ఉన్నప్పుడు సుమారు 0.5 నుంచి 1.5 మిల్లీఆంపియర్ల వరకు కారడం దాని స్వభావం. 4.7 కిలోఓమ్‌ల ఇన్‌పుట్ మీద 0.8 మిల్లీఆంపియర్లు దాదాపు 3.8 వోల్టులు, 1.5 అయితే ఏడు వోల్టులు, అంటే పి.ఎల్.సి. సున్నాగా గుర్తించే హద్దు దాటింది. ఇన్‌పుట్‌కు సమాంతరంగా, అంటే ఇన్‌పుట్ టెర్మినల్, కామన్‌ల మధ్య 4.7 కిలోఓమ్‌ల అర వాట్ రెసిస్టర్ కలిపితే ఆ వోల్టేజీ సగానికి తగ్గుతుంది.

పనిచేస్తున్నప్పుడు కూడా ఈ రకం ఐదారు వోల్టులు మిగుల్చుకుంటుంది కాబట్టి పి.ఎల్.సి. దగ్గర 18, 19 వోల్టులు కనిపించడం మామూలే. లోడ్ లేకుండా దీన్ని నేరుగా సరఫరాకు కలిపితే కాలిపోవచ్చు, దయచేసి ఆ పని చేయవద్దు.

7.6 కడిగిన రోజున మాత్రమే వచ్చే తప్పుడు సంకేతం

తోతాపురి సీజన్‌లో గుజ్జు లైన్లను వేడినీటితో, ప్రెషర్ పంపుతో కడుగుతారు. ఎం12 కనెక్టర్ లోపలికి నీరు, గుజ్జు చేరితే ఒకటో పిన్ను నుంచి నాలుగో పిన్నుకు కరెంటు కారుతుంది. అవుట్‌పుట్ ఆపి ఉన్నప్పుడు కొన్ని వోల్టులు కనిపించి, ఆరాక మాయమవుతాయి. కనెక్టర్ విప్పి, ఆరబెట్టి, పిన్నుల మీది పచ్చని తుప్పు పోకపోతే కేబుల్ మార్చండి. బిగించేటప్పుడు లోపలి రబ్బరు వలయం ఉందో లేదో చూడండి, కేబుల్‌ను కనెక్టర్ కన్నా కిందికి ఒక వంపు తిప్పి పైకి తీసుకెళితే నీరు ఆ వంపు దగ్గరే జారిపోతుంది.

చిత్తూరు వైపు గ్రానైట్ కోత యూనిట్లలో సమస్య వేరు. రాతి బురదను సెన్సార్ పట్టించుకోదు. కానీ గ్యాంగ్ సా యంత్రాల్లో కోతకు వాడే ఉక్కు రవ్వ ఆ బురదతో కలిసి ముఖం మీద పేరుకుపోతే అవుట్‌పుట్ ఎప్పటికీ స్పందించిన స్థితిలోనే ఉంటుంది. ముఖాన్ని గుడ్డతో తుడిచి మళ్లీ కొలవండి. లోహపు ఉలితో గీకవద్దు.

7.7 మోటార్ నడిచినప్పుడే ఊగే అంకె

వి.ఎఫ్.డి. (మోటార్ వేగాన్ని మార్చే డ్రైవ్) నుంచి మోటార్‌కు వెళ్లే కేబుల్ పక్కనే సెన్సార్ కేబుల్‌ను ఒకే ట్రేలో వేస్తే ఇలా జరుగుతుంది. రెండింటినీ వేరు చేయండి, దాటవలసి వస్తే అడ్డంగా దాటించండి, మోటార్‌కు షీల్డు కేబుల్ వాడి దాన్ని రెండు చివరలా ఎర్త్ చేయండి. సెన్సార్ నేరుగా డి.సి. రిలేను నడుపుతుంటే కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్ ఉండాలి, గీత ఉన్న కొస ప్లస్ వైపు. అది లేని చోట సెన్సార్లు వరుసగా కాలిపోతుంటాయి.

8. మైక్రోకంట్రోలర్‌కు కలిపేటప్పుడు

ఇంజనీరింగ్ విద్యార్థులు అడిగేది ఎక్కువగా దీని గురించే. పి.ఎన్.పి. అవుట్‌పుట్ 24 వోల్టులను నేరుగా 5 వోల్టుల పిన్నుకు ఇస్తే బోర్డు పోతుంది. 10 కిలోఓమ్‌లు, 2.2 కిలోఓమ్‌ల విభజనతో 23 వోల్టులు నాలుగున్నర లోపుకు వస్తాయి. 3.3 వోల్టుల బోర్డుకు 10, 1.5 కిలోఓమ్‌లు సరిపోతాయి, కానీ సరఫరా 25 దాటకూడదు.

ఎన్.పి.ఎన్. అయితే నలుపు వైరును 4.7 కిలోఓమ్‌ల ద్వారా బోర్డు 5 వోల్టులకు లాగితే చాలని అంటారు. సెన్సార్ లోపల గోధుమ వైపు లాగే రెసిస్టర్ లేనప్పుడే అది సురక్షితం. నాలుగో భాగంలో మధ్య అంకె 12కు బదులు 15-16 వచ్చి ఉంటే ఈ పద్ధతి వాడవద్దు.

నా అభిప్రాయంలో రెండు రకాలకూ పి.సి.817 ఆప్టోకప్లర్ (సంకేతాన్ని కాంతితో దాటించి రెండు సర్క్యూట్లను విడిగా ఉంచే భాగం) పెట్టడమే మంచి దారి. దాని ఎల్.ఇ.డి.కి వరుసలో 2.2 కిలోఓమ్‌ల అర వాట్ రెసిస్టర్ ఉంటే సుమారు 10 మిల్లీఆంపియర్లు పారతాయి. 24 వోల్టుల వైపు లోపం బోర్డు దాకా రాదు.

9. వోల్టేజీ సరే, సంకేతమే రావడం లేదంటే దూరం చూడండి

అవుట్‌పుట్ రెండు స్థితుల్లోనూ సరిగా ఉండి, యంత్రంలో మాత్రం అప్పుడప్పుడు తప్పిపోతుంటే అది వోల్టేజీ సమస్య కాదు. పేర్కొన్న దూరంలో 81 శాతం లోపే కచ్చితమైన స్పందనకు హామీ ఉంటుంది. 4 మిల్లీమీటర్ల సెన్సార్‌కు అది సుమారు 3.2 మిల్లీమీటర్లు. లోహాన్ని బట్టి కూడా తగ్గుతుంది: స్టెయిన్‌లెస్ స్టీలుకు సుమారు 0.7 వంతు, ఇత్తడికి, అల్యూమినియానికి 0.4 వంతు ప్రాంతంలో, రాగికి ఇంకా తక్కువ. గుజ్జు నింపే తగరపు పూత డబ్బా ఉక్కే కాబట్టి బాగా పడుతుంది. అదే లైనులో అల్యూమినియం మూతకు మారితే అమరిక మళ్లీ చేయాలి.

ముఖం బయటికి పొడుచుకుని ఉండే నాన్-ఫ్లష్ రకాన్ని ఇనుప బ్రాకెట్‌లోకి పూర్తిగా దించితే, బ్రాకెట్‌నే చూసి ఎప్పుడూ స్పందిస్తూ ఉంటుంది.

10. మార్చవలసి వస్తే సరిచూసుకోవలసినవి

నాలుగో భాగంలో లైటు మారినా అంకె మారకపోతే, ఆరో భాగంలో కుంగిపోతే, సరఫరా సరిగా ఉండి పలక ముఖానికి ఆనినా లైటు మారకపోతే సెన్సార్‌ను మార్చండి. దుకాణానికి పాత సెన్సార్‌నే తీసుకెళ్లండి, లేబుల్ చెరిగిపోయి ఉంటే మీరు రాసుకున్న అంకెలను చూపండి.

- పి.ఎన్.పి. లేదా ఎన్.పి.ఎన్.; ఎన్.ఓ. లేదా ఎన్.సి.
- వైర్ల సంఖ్య, కేబుల్ లేదా ఎం12 కనెక్టర్
- ఎం8, ఎం12, ఎం18, ఎం30లలో ఏది, మర పొడవు ఎంత
- ఫ్లష్ లేదా నాన్-ఫ్లష్, స్పందన దూరం
- సరఫరా శ్రేణి, అవుట్‌పుట్ గరిష్ఠ కరెంటు
- నీటి ప్రదేశానికి ఐ.పి.67 లేదా అంతకు మించిన రక్షణ
- వేడి ప్రదేశానికి ఉష్ణోగ్రత పరిమితి. సాధారణ రకాలకు ఇది 70 డిగ్రీల సెల్సియస్

కొత్తదాన్ని యంత్రానికి బిగించే ముందే బల్ల మీద రెండు రెసిస్టర్ల పరీక్ష చేసి, రెండు స్థితుల అంకెలనూ తేదీతో సహా ప్యానెల్ తలుపు లోపల అంటించిన కాగితం మీద రాయండి.